మరుగున పడిన ఇండీ పాప్ బ్యాండ్‌లను వెతుక్కునే దారి ఏది?

ప్రశ్న: తూనీగ (విశాఖపట్నం)

మిత్రులందరికీ నమస్కారం.

ఏ సంగీతం గురించి అడుగుతున్నానో ముందే చెప్పడం మంచిది. ఇండీ పాప్ అనగానే మనలో చాలామందికి 1990లలో టీవీలో మోగిన హిందీ ‘ఇండిపాప్’ ఆల్బమ్‌లు గుర్తుకొస్తాయి. నేను అడుగుతున్నది వాటి గురించి కాదు. 1980 ప్రాంతంలో స్కాట్లాండ్, ఇంగ్లండ్, న్యూజిలాండ్ వంటి చోట్ల పెద్ద కంపెనీల తలుపు తట్టకుండా, తామే పాటలు కట్టుకుని, తామే రికార్డులు వేయించుకుని, తామే అట్టలు మడిచి అమ్ముకున్న కుర్రకారు మొదలుపెట్టిన గిటారు పాటల గురించి అడుగుతున్నాను. గంటల్లా మోగే గిటారు, శిక్షణ లేని మామూలు గొంతు, ఒకసారి వింటే వారం రోజులు వదలని బాణీ, ఇవే నాకు తెలిసిన గుర్తులు.

హాస్టల్లో ఉన్న రోజుల్లో నా గదిలో ఉండే స్నేహితురాలు గ్లాస్గో బ్యాండ్ కెమెరా అబ్‌స్క్యూరా 2006లో విడుదల చేసిన ఆల్బమ్ వినిపించింది. ఆ రాత్రి ఆ ఆల్బమ్‌ను మూడుసార్లు విన్నాం. అక్కడి నుంచి బెల్ అండ్ సెబాస్టియన్, ఆ తరువాత కెనడాకు చెందిన ఆల్వేస్ నాకు పరిచయమయ్యాయి. అయితే ఆ తరువాత దారి మూసుకుపోయింది. నేను వాడే యాప్‌లో ఏ పాటతో మొదలుపెట్టినా, అరగంట గడిచేసరికి ఆ ముప్పై బ్యాండ్‌ల దగ్గరికే తిరిగి వస్తున్నాను. రెండు సింగిల్స్ (ఒకటి రెండు పాటల చిన్న రికార్డులు) విడుదల చేసి మాయమైపోయిన బ్యాండ్‌లు వందల్లో ఉన్నాయని చదివాను. నిన్నగాక మొన్న మొదలైనవి కూడా అన్నే ఉండి ఉండాలి. అవి నా దాకా ఎందుకు రావడం లేదో, వాటి దాకా నేను ఎలా వెళ్లాలో తెలియడం లేదు.

పేర్ల జాబితా ఇస్తే సంతోషమే కానీ, అది పది రోజుల్లో అయిపోతుంది. మీరు ఏ దారిన వెతుకుతారో చెబితే నాకు ఎక్కువ ఉపకారం చేసినవారవుతారు.


జవాబు: క్లైడ్ ఒడ్డు (గ్లాస్గో)

తూనీగ గారూ, మీరు అడిగిన దారి మీ దగ్గర ఉన్న ఆల్బమ్‌లోని మొదటి పాటలోనే ఉంది. ఆ పాట పేరులో ‘లాయిడ్’ అని ఒకరిని పిలుస్తున్నారు కదా, ఆ లాయిడ్ ఎవరో ఎప్పుడైనా వెతికారా? లాయిడ్ కోల్ అండ్ ద కమోషన్స్ అనే గ్లాస్గో బ్యాండ్ 1984లో తన మొదటి ఆల్బమ్‌లో, గుండె పగలడానికి నువ్వు సిద్ధమేనా అని అడుగుతూ ఒక పాట పాడింది. ఇరవై రెండేళ్ల తరువాత అదే ఊరి అమ్మాయి ‘నేను సిద్ధమే’ అని పాటతోనే బదులిచ్చింది. ఈ సంగీతంలో ఇలాంటి పిలుపులూ బదుళ్లూ అడుగడుగునా ఉంటాయి. నాకు తెలిసిన మొదటి దారి ఇదే: మీకు నచ్చిన బ్యాండ్‌కు ఎవరు నచ్చారో తెలుసుకోవడం.

నేను ఎనిమిదేళ్ల క్రితం ఉద్యోగరీత్యా ఈ ఊరు వచ్చాను, అప్పటికి నాకూ మీలాగే నాలుగైదు పేర్లకు మించి తెలియవు. ఇక్కడ నగరం నడిబొడ్డున మోనోరైల్ అనే రికార్డుల దుకాణం ఉంది. 2002లో దాన్ని ప్రారంభించినవారిలో ద పాస్టెల్స్ బ్యాండ్ గాయకుడు స్టీఫెన్ మెక్‌రాబీ ఒకరు. మొదటిసారి వెళ్లినప్పుడు నాకేమి కావాలో చెప్పలేక బెల్ అండ్ సెబాస్టియన్ పేరు చెప్పాను. గల్లా దగ్గర ఉన్నాయన ‘అయితే ఇరవై ఏళ్లు వెనక్కి వెళ్లండి’ అని ఆరెంజ్ జ్యూస్ రికార్డు చేతిలో పెట్టారు.

ఆరెంజ్ జ్యూస్ మొదటి రికార్డును 1980లో వేసింది పోస్ట్‌కార్డ్ అనే లేబుల్, అంటే రికార్డులు విడుదల చేసే సంస్థ. అలాన్ హార్న్ అనే యువకుడు వెస్ట్ ప్రిన్సెస్ వీధిలోని తన ఫ్లాట్ నుంచి దాన్ని నడిపాడు. డోలు వాయించే పిల్లి బొమ్మ దాని గుర్తు, ‘యువ స్కాట్లాండ్ స్వరం’ దాని నినాదం. అమెరికాలోని మోటౌన్ కంపెనీ నినాదాన్ని ఆయన ధైర్యంగా తన ఊరికి మార్చుకున్నాడు. ఆరెంజ్ జ్యూస్, జోసెఫ్ కె, ఆజ్‌టెక్ కెమెరా, ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్ నుంచి వచ్చిన ద గో-బిట్వీన్స్, ఇంతే ఆ కుటుంబం. ఆ తొలి విడతలో వచ్చిన రికార్డులన్నీ కలిపి ఒక చేతి సంచిలో పట్టేస్తాయి. వాటిని విన్న తరువాతే బెల్ అండ్ సెబాస్టియన్ ఎక్కడి నుంచి వచ్చిందో నాకు అర్థమైంది. ఆ బ్యాండ్ మొదటి ఆల్బమ్ కూడా 1996లో ఇక్కడి స్టో కాలేజీ విద్యార్థుల లేబుల్ మీద కేవలం 1,000 కాపీలతోనే వచ్చింది.

మరిచిపోయిన బ్యాండ్‌ను ఒక అభిమాని ఎలా వెనక్కి తీసుకురాగలడో చెప్పడానికి ద వాసెలీన్స్‌ను మించిన ఉదాహరణ లేదు. యూజీన్ కెల్లీ, ఫ్రాన్సెస్ మెకీ కలిసి కట్టిన ఈ బ్యాండ్ మొదటి ఆల్బమ్ 1989లో వచ్చింది, ఆ ఏడాదే బ్యాండ్ విడిపోయింది. మామూలుగా అయితే కథ అక్కడితో ముగియాలి. కానీ ఆ రికార్డులు అమెరికాలో నిర్వానా బ్యాండ్ గాయకుడు కర్ట్ కొబేన్ చేతికి చిక్కాయి. నిర్వానా వాసెలీన్స్ పాటలు మూడు పాడింది, వాటిలో ఒకటి ఎంటీవీ కోసం చేసిన ప్రసిద్ధ కచేరీలో కూడా ఉంది. దాంతో 1992లో వాసెలీన్స్ పాటలన్నీ ఒకే సంకలనంగా మళ్లీ వచ్చాయి. అదే కొబేన్ తనకు ఇష్టమైన ఆల్బమ్‌లని చేత్తో రాసుకున్న జాబితాలో మరీన్ గర్ల్స్, యంగ్ మార్బుల్ జెయింట్స్ కూడా ఉన్నాయి. రెండూ అతి తక్కువ వాద్యాలతో, గుసగుసలాడినట్టు పాడే బ్యాండ్‌లు. కార్డిఫ్‌కు చెందిన యంగ్ మార్బుల్ జెయింట్స్ 1980లో ఒకే ఒక ఆల్బమ్ విడుదల చేసి, ఆ తరువాత కొద్దికాలానికే విడిపోయింది. ఆ ఆల్బమ్ ఈ రోజుకూ పాతబడలేదు, తప్పక వినండి.


జవాబు: అట్ట వెనక చూడు (విజయవాడ)

క్లైడ్ ఒడ్డు గారు చెప్పిన దారికి నేను ఇంకొకటి కలుపుతాను. మా ఇంట్లో పొద్దున్నే వివిధ భారతి మోగేది. పాటకు ముందు చిత్రం పేరు, రచన, సంగీతం, గానం, అన్నీ చెప్పేవారు. మా నాన్నగారు ఏళ్ల తరబడి ఆ పేర్లు వినడం వల్ల, ఎక్కడైనా కొత్త పాట వినిపిస్తే తొలి వాద్యం దగ్గరే స్వరకర్త ఎవరో చెప్పేవారు. ఫోనులో పాట వినే అలవాటు వచ్చాక మనకు ఆ పేర్లు దూరమయ్యాయి. ఇండీ పాప్ విషయంలో ఇది పెద్ద నష్టం, ఎందుకంటే ఇక్కడ బ్యాండ్ పేరు మూడేళ్లకే మారిపోతుంది, మనుషులు మాత్రం ముప్పై ఏళ్లు పాడుతూనే ఉంటారు. కాబట్టి బ్యాండ్‌ను వదిలి మనిషిని పట్టుకోండి.

నేను ప్రయాణం చేసిన ఒక దారి చెబుతాను. ద ఫీల్డ్ మైస్ అనే ఇంగ్లండ్ బ్యాండ్ 1988 నుంచి 1991 దాకా రికార్డులు విడుదల చేసింది. అప్పట్లో దాన్ని పత్రికలు పెద్దగా పట్టించుకోలేదు. బాబీ రాటెన్ రాసిన ఆ పాటలు నన్ను ఎంతగా కదిలించాయంటే, దాని రికార్డుల వివరాలన్నీ డిస్కాగ్స్ అనే జాలపేజీలో ఒక్కొక్కటే చదివాను. రికార్డింగ్ చేసిన వ్యక్తి పేరు ఇయాన్ క్యాట్. ఆ పేరు మీద నొక్కితే సెయింట్ ఎటియెన్ వచ్చింది. ఆ బ్యాండ్ తన తొలి రోజుల్లోనే ఒక ఫీల్డ్ మైస్ పాటను నాట్యానికి తగినట్టు మార్చి పాడింది. మళ్లీ వెనక్కి వచ్చి రాటెన్ పేరు మీద నొక్కితే నార్తర్న్ పిక్చర్ లైబ్రరీ, దాని తరువాత ట్రెంబ్లింగ్ బ్లూ స్టార్స్ కనిపించాయి. ఆ చివరి బ్యాండ్‌లో కొన్నాళ్లు పాడిన బెత్ ఆర్జీ అంతకుముందు కాలిఫోర్నియాలో అబర్‌డీన్ అనే బ్యాండ్‌లో ఉండేది. ఆమె ఇప్పుడు జెట్‌స్ట్రీమ్ పోనీ అనే కొత్త బ్యాండ్‌లో పాడుతోంది. అందులో ఉన్న షాన్ చార్మన్ 1987లో ద వెడ్డింగ్ ప్రెజెంట్ మొదటి ఆల్బమ్‌లో డ్రమ్స్ వాయించినవాడు. గమనించండి తూనీగ గారూ, మరుగున పడిన బ్యాండ్ దగ్గర మొదలుపెట్టిన నేను ఎక్కడా దారి మార్చకుండా కొత్త బ్యాండ్ దగ్గరికి చేరాను. మీరు రెండు ప్రశ్నలు అడిగారని అనుకుంటున్నారు కానీ, నా దృష్టిలో అవి ఒకటే.

మనిషి తరువాత పట్టుకోవలసింది లేబుల్‌ను. ఫీల్డ్ మైస్ రికార్డులు వేసింది బ్రిస్టల్ నగరంలోని సారా రికార్డ్స్. క్లేర్ వాడ్, మ్యాట్ హేన్స్ అనే ఇద్దరు 1987లో దాన్ని మొదలుపెట్టారు. అంతకుముందు ఇద్దరూ ఎవరికి వారు ఫ్యాన్‌జైన్‌లు, అంటే అభిమానులు సొంతంగా అచ్చువేసుకునే చిన్న పత్రికలు, నడిపినవారే. ప్రతి విడుదలకూ ఒక వరుస సంఖ్య ఇచ్చారు. ఆ సంఖ్యల్లో కొన్ని పత్రికలకు దక్కాయి, 50వ సంఖ్య ఒక బోర్డు ఆటకు దక్కింది. 1995లో సంఖ్య 100కు చేరగానే, నడుస్తున్న లేబుల్‌ను తామే ఆపేసి, ఆ సంగతి పత్రికల్లో ప్రకటన వేసి మరీ చెప్పారు. సంకలనాలకు బ్రిస్టల్ చుట్టుపక్కల వీధుల పేర్లు, వంతెనల పేర్లు పెట్టారు. అలాంటి లేబుల్‌ను వరుసగా వింటే ఒక ఊళ్లో ఇంటింటికీ వెళ్లి పలకరించినట్టు ఉంటుంది. ద ఆర్కిడ్స్, బ్లూబాయ్, బ్రైటర్, హెవెన్లీ, ద సీ అర్చిన్స్, సిడ్నీకి చెందిన ఈవెన్ యాజ్ వి స్పీక్, మెల్‌బోర్న్‌కు చెందిన ద షుగర్‌గ్లైడర్స్, వీళ్లందరూ నాకు ఆ ఒక్క గుమ్మంలోనే పరిచయమయ్యారు. హెవెన్లీ గాయని అమీలియా ఫ్లెచర్ ఆర్థికశాస్త్ర ఆచార్యురాలు. ఆమె, రాబ్ పర్సీ కలిసి స్కెప్ వాక్స్ అనే సొంత లేబుల్ పెట్టి హెవెన్లీ పాత ఆల్బమ్‌లను మళ్లీ విడుదల చేస్తున్నారు, దానిమీదే కొత్త బ్యాండ్‌లను కూడా పరిచయం చేస్తున్నారు.

ఇక యాప్ మిమ్మల్ని ఎందుకు అక్కడక్కడే తిప్పుతోందన్న మాటకు వస్తాను. గెలాక్సీ 500 అనే అమెరికన్ బ్యాండ్ 1988 నుంచి 1990 దాకా మూడు ఆల్బమ్‌లు విడుదల చేసింది. దాని డ్రమ్స్ వాద్యకారుడు డేమన్ క్రుకోవ్‌స్కీ 2018లో ఒక విచిత్రమైన సంగతి రాశారు. సింగిల్‌గా ఎన్నడూ విడుదల కాని ‘స్ట్రేంజ్’ అనే పాట, స్పాటిఫైలో తమ మిగతా పాటలన్నిటినీ దాటి ముందుకు వెళ్లిపోయిందట. ఆ మార్పు 2017 జనవరిలో మొదలైంది. శ్రోత ఎంచుకున్న పాటలు అయిపోగానే, వాటిని పోలిన పాటలను యాప్ తనంతట తానే మోగించడం అప్పుడే అందరికీ అమలైంది. ఆయన తేల్చిన కారణం ఏమిటంటే, వాళ్ల పాటలన్నిటిలోకీ ఇతర బ్యాండ్‌ల పాటలకు దగ్గరగా ఉన్నది అదొక్కటే. తనదైన ముద్ర ఎక్కువగా ఉన్న పాట వెనక్కి పోయి, నలుగురిలో కలిసిపోయే పాట ముందుకు వచ్చిందన్నమాట. నాకు ఇది చదివినప్పుడు బాధ కలిగింది. పోలికను బట్టి వెతికే యంత్రం పోలిక లేనివాళ్లను మన దగ్గరికి తీసుకురాలేదు, మనం వెతుకుతున్న బ్యాండ్‌లలో మంచివి చాలా వరకు ఆ కోవకు చెందినవే.


జవాబు: దక్షిణ తీరం (డునెడిన్)

పై ఇద్దరి మాటలూ శ్రద్ధగా చదివాను. ఒక విషయంలో మాత్రం నాకు అభ్యంతరం ఉంది. మనం ‘మరుగున పడిన’ అని తేలికగా అనేస్తున్నాం, ఎవరికి మరుగున పడినట్టు? నేను చదువుకోవడానికి న్యూజిలాండ్‌లోని ఈ ఊరికి వచ్చినప్పుడు, ఇంటి యజమానురాలికి, గ్రంథాలయంలో పనిచేసేవారికి, అందరికీ ద క్లీన్, ద చిల్స్ పాటలు తెలుసు. ద క్లీన్ మొదటి సింగిల్ 1981లో ఈ దేశపు పాటల అమ్మకాల పట్టికలో 19వ స్థానానికి చేరింది. ద చిల్స్ నాయకుడు మార్టిన్ ఫిలిప్స్ 2024లో కన్నుమూసినప్పుడు ఊరంతా తమ ఇంటివాడు పోయినట్టు బాధపడింది. వీళ్లు మరుగున పడలేదు, మన దాకా రాలేదు, అంతే. ఈ తేడా గుర్తుంచుకుంటే వెతికే పద్ధతి కూడా మారుతుంది. మీరు ఒక ఊరిని ఎంచుకుని, ఆ ఊరివాళ్లు దేన్ని ప్రేమించారో తెలుసుకోండి.

ఈ ఊరి సంగతే తీసుకుంటే, ఇక్కడి నుంచి లండన్ ఎంత దూరమో చెప్పనక్కరలేదు. పెద్ద స్టూడియోలు ఉన్నది ఉత్తర ద్వీపంలో. క్రైస్ట్‌చర్చ్‌లో రికార్డుల దుకాణంలో పనిచేసే రోజర్ షెపర్డ్ 1981లో ఫ్లయింగ్ నన్ అనే లేబుల్ పెట్టాడు. డునెడిన్‌లోనే సంగీతం మొదలుపెట్టిన క్రిస్ నాక్స్ తన నాలుగు ట్రాకుల టేప్ యంత్రాన్ని మోసుకెళ్లి, దొరికిన చోటనే బ్యాండ్‌ల పాటలు రికార్డు చేసేవాడు. 1982లో చిల్స్, వెర్లేన్స్, స్నీకీ ఫీలింగ్స్, స్టోన్స్ అనే నాలుగు స్థానిక బ్యాండ్‌లను రెండు రికార్డుల మీద, ఒక్కొక్కరికి ఒక్కో వైపు ఇచ్చి విడుదల చేశారు. ‘డునెడిన్ సౌండ్’ అనే పేరు అక్కడే స్థిరపడింది. ఆ టేప్ గరగర, గిటారు తీగల మధ్య గాలి చొరబడినట్టుండే ఆ ధ్వని, ఖర్చు తక్కువై వచ్చినవే అయినా, ఇప్పుడు ఎంత ఖరీదైన స్టూడియోలోనైనా అలా రావడం కష్టం.

తూనీగ గారికి ప్రత్యేకంగా చెప్పాలనిపిస్తున్న పేరు లుక్ బ్లూ గో పర్పుల్. అయిదుగురు డునెడిన్ మహిళలు 1985, 1987 మధ్య మూడు చిన్న రికార్డులు విడుదల చేసి ఆగిపోయారు. గిటారు పక్కన వేణువు, కీబోర్డు, వాటిమీద మూడు నాలుగు గొంతులు అల్లుకుంటూ సాగుతాయి. వాళ్ల పాటలన్నీ 2017లో ఒకే సంకలనంగా మళ్లీ వచ్చాయి. మూడు రికార్డులకే ఎందుకు ఆగారని నేను చాలాసార్లు అనుకున్నాను. ఇంకొన్ని ఉంటే బాగుండునన్న కోరిక మాత్రం తీరలేదు.

సంకలనాల విషయంలో చిన్న హెచ్చరిక. ఈ సంగీతం గురించి ఎక్కడ చదివినా ‘సి86’ అనే క్యాసెట్ పేరు వస్తుంది. న్యూ మ్యూజికల్ ఎక్స్‌ప్రెస్ అనే లండన్ వారపత్రిక 1986లో 22 బ్యాండ్‌ల పాటలతో తన పాఠకుల కోసం తెచ్చిన క్యాసెట్ అది. మోగే గిటార్ల సంగీతానికే ఆ పేరు పర్యాయపదంగా మారిపోయింది కానీ, క్యాసెట్ తెరిచి వింటే అందులో బాగ్‌షెడ్, స్టంప్ వంటి గరుకైన, కోణాలు తేలిన సంగీతం కూడా చాలా ఉంటుంది. సంకలనం మొదటి గుమ్మంగా మంచిదే. చెర్రీ రెడ్ కంపెనీ 2014లో దాన్ని మూడు సీడీలకు పెంచి, ఆ తరువాత 1987 నుంచి ఒక్కో ఏడాదికీ ఒక పెట్టె విడుదల చేసింది. వాటిలో ఒక్క పాటతోనే మిగిలిపోయిన బ్యాండ్‌లు ఎన్నో కనిపిస్తాయి. కానీ పెట్టెలో చోటు దక్కనివాళ్లు కూడా ఉంటారు కదా. నేను సంకలనం విని, నచ్చిన ఒక్క పాట దగ్గర ఆగి, ఆ బ్యాండ్ ఊరు ఏదో చూస్తాను. అక్కడి నుంచి వీధులు వాటంతట అవే తెరుచుకుంటాయి.


జవాబు: పొగమంచు (ఫ్రీమాంట్, కాలిఫోర్నియా)

పాతవాళ్ల గురించి పెద్దలు వివరంగా చెప్పారు కాబట్టి నేను ఇప్పుడు పాడుతున్నవాళ్ల గురించి చెబుతాను.

నేను ఉండే చోటికి గంట దూరంలో శాన్‌ఫ్రాన్సిస్కోలో గత కొన్నేళ్లుగా అచ్చంగా మీరు వర్ణించిన సంగీతమే కొత్తగా చిగురించింది. ద అంబ్రెల్లాస్, చైమ్ స్కూల్, ద రెడ్స్ పింక్స్ అండ్ పర్పుల్స్, సీబ్లైట్, సిండీ, ఇలా పేర్లు చాలా ఉన్నాయి. ఇక్కడ కూడా మనిషిని పట్టుకునే సూత్రమే పనిచేస్తుంది. చైమ్ స్కూల్ పాటలన్నీ కట్టే ఆండీ పాస్టలానియెక్ సీబ్లైట్‌లో డ్రమ్స్ వాయిస్తాడు. రెడ్స్ పింక్స్ అండ్ పర్పుల్స్ వెనక ఉన్న గ్లెన్ డొనాల్డ్‌సన్ అంతకుముందు స్కైగ్రీన్ లెపర్డ్స్‌లో ఉన్నాడు. కచేరీ గోడపత్రికలో అందరికన్నా కింద, చిన్న అక్షరాల్లో ఉన్న పేరును నేను ఎప్పుడూ రాసుకుంటాను, ఆ బ్యాండ్ ఎక్కేసరికి తప్పక హాలులో ఉంటాను. నాకు అంబ్రెల్లాస్ పరిచయమైంది అలాగే, ఇరవై మంది కూడా లేని ఒక బారులో.

వీళ్లలో చాలామందిని విడుదల చేస్తున్న స్లంబర్‌ల్యాండ్ లేబుల్‌ను మైక్ షుల్మన్ 1989లో అమెరికా తూర్పు తీరంలో, వాషింగ్టన్ పరిసరాల్లో మొదలుపెట్టాడు. ఇప్పుడు అది ఓక్‌లాండ్‌లో ఉంది. అప్పటి బ్లాక్ టాంబరిన్, ఇప్పటి లైట్‌హెడెడ్ ఒకే లేబుల్ జాబితాలో కనిపిస్తాయి. తన తొలి రికార్డులు ఆ లేబుల్ మీదే విడుదల చేసిన వెలాసిటీ గర్ల్ బ్యాండ్ తన పేరును, దక్షిణ తీరం గారు చెప్పిన సి86 క్యాసెట్‌లో మొట్టమొదటి పాట నుంచి తీసుకుంది. ఒక బ్యాండ్ పేరే ఇంకొక బ్యాండ్ చిరునామా చెబుతుంది, పేరు ఎక్కడి నుంచి వచ్చిందో తప్పక వెతకండి.

ఆసియాలో కూడా చూడండి. దక్షిణ కొరియాలోని బుసాన్ నుంచి సే సూ మీ, సింగపూర్ నుంచి సాబ్స్, సబ్‌సోనిక్ ఐ మంచి బ్యాండ్‌లు. మనవాళ్లు చాలామంది సింగపూర్‌లో ఉంటున్నారు కాబట్టి, అక్కడివారు కచేరీలకు వెళ్లి ఇక్కడ రాస్తే అందరికీ మేలు.

కొనే విషయం కూడా చెప్పాలి. బ్యాండ్‌లు తమ పాటలను నేరుగా అమ్ముకునే బ్యాండ్‌క్యాంప్ అనే జాలపేజీలో ఆల్బమ్ కింద దాన్ని కొన్నవారి బొమ్మలు వరుసగా కనిపిస్తాయి, ఒక్కొక్కరి మీద నొక్కితే వాళ్లు కొన్న రికార్డులన్నీ తెరుచుకుంటాయి. పదిమంది మాత్రమే కొన్న ఆల్బమ్ మీకు నచ్చిందంటే, ఆ పదిమందీ మీకు దగ్గరి బంధువుల కిందే లెక్క. నేను నెలకు రెండు ఆల్బమ్‌లు అక్కడే కొంటాను. 2020 నుంచి కొన్ని శుక్రవారాల్లో బ్యాండ్‌క్యాంప్ తన వాటా తీసుకోకుండా కళాకారులకే వదిలేస్తోంది, వీలైతే ఆ రోజుల్లో కొనండి.

చివరిగా ఒక జాగ్రత్త. 2025లో వెల్వెట్ సన్‌డౌన్ అనే పేరుకు స్పాటిఫైలో నెలకు పది లక్షలకు పైగా శ్రోతలు చేరారు. తీరా చూస్తే ఆ పాటలు కృత్రిమ మేధతో తయారైనవని తేలింది. కొత్త పేరు కనిపించినప్పుడు ఆ బ్యాండ్ ఎక్కడైనా వేదిక ఎక్కిందా, అందులో ఎవరున్నారు, రికార్డు చేసింది ఎవరు అని చూడటం ఇప్పుడు మునుపటికన్నా అవసరం.


జవాబు: తూనీగ (విశాఖపట్నం)

మీ అందరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. ఇంత ఓపికగా రాస్తారని నేను అనుకోలేదు. వారం రోజులుగా రాత్రి భోజనం అయిన తరువాత ఇదే పని చేస్తున్నాను.

అట్ట వెనక చూడు గారి మాట పట్టుకుని, నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఆ కెమెరా అబ్‌స్క్యూరా ఆల్బమ్ వివరాలు మొదటిసారి చదివాను. ఇన్నేళ్లూ వందలసార్లు విన్న ఆల్బమ్‌కు నిర్మాత ఎవరో నాకు తెలియదని అప్పుడే గ్రహించాను. ఆయన పేరు యారి హాపలైనెన్. గ్లాస్గో బ్యాండ్ కాబట్టి గ్లాస్గో మనిషే అనుకున్నాను, తీరా చూస్తే ఆయన స్వీడన్ వాడు. ఆయన బేర్ క్వార్టెట్ అనే బ్యాండ్‌లో గిటారు వాయించేవాడు. అది విన్నాను, ఇంకా నాకు పూర్తిగా పట్టుబడలేదు. ఆయనే నిర్మించిన ఇంకొక ఆల్బమ్ స్టాక్‌హోమ్‌కు చెందిన ద కాంక్రీట్స్‌ది. తంబూరా మీద శ్రుతి నిలిచినట్టు వెనకాల ఒక మోత నిలబడి ఉంటుంది, దానిమీద ఒక అమ్మాయి ఏమీ పట్టనట్టు పాడుతూ ఉంటుంది. ఆ గొంతు నాకు ఎక్కడో తెలుసనిపించింది. ఆమె విక్టోరియా బెర్గ్స్‌మన్ అని చదివాక, 2006లో వచ్చిన ఆ ప్రసిద్ధమైన ఈల పాటలో పీటర్ బ్యాన్ అండ్ జాన్‌తో కలిసి పాడింది ఆమేనని తెలిసింది. ఆ పాట మా కాలేజీ వార్షికోత్సవంలో కూడా మోగింది!

లుక్ బ్లూ గో పర్పుల్ విన్నాను. దక్షిణ తీరం గారూ, మీ కోరికలో ఇప్పుడు నేనూ భాగస్తురాలినే. ఫీల్డ్ మైస్ రేపు మొదలుపెడతాను. స్వీడన్ దారిలో తరువాతి అడుగు ఎటు వేయాలో ఎవరైనా చెప్పగలరా?


జవాబు: అట్ట వెనక చూడు (విజయవాడ)

బెర్గ్స్‌మన్‌నే పట్టుకోండి. కాంక్రీట్స్ నుంచి బయటికి వచ్చిన తరువాత ఆమె టేకెన్ బై ట్రీస్ అనే పేరుతో పాడింది. 2009లో వచ్చిన దాని రెండో ఆల్బమ్‌ను ఆమె పాకిస్తాన్‌కు వెళ్లి అక్కడి సంగీత విద్వాంసులతో కలిసి రికార్డు చేసింది. విశాఖపట్నంలో మొదలై గ్లాస్గో మీదుగా స్టాక్‌హోమ్ వెళ్లిన మీకు, ఆ ఆల్బమ్‌లో మనకు బాగా తెలిసిన తాళవాద్యాలు వినిపిస్తాయి. విన్న తరువాత ఎలా అనిపించిందో ఇక్కడే రాయండి.